అద్దాల టీచరమ్మ

ఆవిడ ఈ చదువు కోరి చదివింది కాదు. టీచర్ ట్రైనింగ్‌కి దరఖాస్తు పెట్టిన సంవత్సరం మార్కులు అంతంతమాత్రంగా వచ్చాయి. సీట్లు పంచే గుమాస్తా రిజిస్టర్ మీద వేలు కిందికి జరుపుకుంటూ వెళ్ళి, అట్టడుగున ఆపి, "అమ్మా, ఇక మిగిలింది చెవిటి పిల్లలకి చదువు చెప్పే కోర్సు ఒక్కటే. తీసుకుంటారా, పక్కకి జరుగుతారా?" అన్నాడు. వెనక లైన్లో ఉన్నవాళ్ళు మోచేతులతో పొడుస్తున్నారు.

"ఉద్యోగం వస్తుందా?" అని అడిగింది.

"ఎవరూ చేరరు కదమ్మా. తప్పకుండా వస్తుంది."

అక్కడే నిలబడి సంతకం పెట్టేసింది. తర్వాత ఇరవై రెండేళ్ళపాటు ఎవరైనా "ఎంత గొప్ప సేవ చేస్తున్నారండీ" అన్నప్పుడల్లా ఆవిడకి ఆ గుమాస్తా వేలే గుర్తొచ్చేది. సేవా లేదు, గీవా లేదు. లైన్లో చివర నిలబడ్డందుకు దొరికిన ఉద్యోగం.

కానీ ఒకసారి చేతిలోకి తీసుకున్న పనిని సగం సగం చేసే రకం కాదు ఆవిడ. పాఠశాలల బోర్డు నడిపే బడుల్లోకెల్లా పెద్ద బడి, అందులో మేడ మీద చివరి గది ఆవిడది. గదిలో ఒక్కో పిల్ల ముందు ఒక్కో అద్దం. పిల్లలు నల్లబల్ల కంటే తమ నోళ్ళనే ఎక్కువ చూసుకునేవారు. పాట, బాట, మాట. చెవులున్నవాళ్ళకి ఇవి మూడు మాటలు. పెదాల మీద మూడూ ఒక్కటే. రెండు పెదాలు మూసి తెరవడమే. అందుకని ఆవిడ ఒక్కో పిల్ల నోటి ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకునేది. "పా" అంటే కాగితం ఎగరాలి. "బా" అంటే గొంతు మీద పెట్టిన వేళ్ళకి అదురు తెలియాలి. "మా" అంటే ముక్కు దూలం అదరాలి. ఒక్క అక్షరానికి ఒక్కోసారి నాలుగు నెలలు పట్టేది. ఎదుటివాళ్ళ నోటి ముందు మాత్రం కాగితం ఉండదు కాబట్టి, ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో చూసి పోల్చుకోవడం మళ్ళీ వేరే చదువు. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి అద్దాల టీచరమ్మ అనేవారు.

మంచితనం గురించి చెప్పాలంటే, ఆవిడ అంత మెత్తని మనిషి కాదు. పిల్లలు చేతులతో సైగలు చేసుకుంటే ఒప్పుకునేది కాదు. కట్టుకున్న చేతులు విప్పితే వేళ్ళ కణుపుల మీద స్కేలు పడేది. "బయట ఎవడికీ మీ చేతుల భాష రాదు. అందరికీ ఉన్నది నోరొక్కటే. దాంతోనే బతకాలి" అనేది, ప్రతి అక్షరాన్నీ పెదాల మీద విప్పి పరిచి. పిల్లలు బాత్రూముల్లోకి వెళ్ళి, తలుపు వేసుకుని, చేతులతో తనివితీరా కబుర్లు చెప్పుకుని వచ్చేవారు. ఆవిడకి ఆ సంగతి తెలుసు. అక్కడికి మాత్రం వెళ్ళేది కాదు.

ఇంట్లో కూడా ఆవిడ అలాగే మాట్లాడేది, నోరు పూర్తిగా తెరిచి, నెమ్మదిగా. ఆవిడ భర్త నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగి. ఇల్లిల్లూ తిరిగి అందరితో వాదించి వచ్చేవాడు కాబట్టి ఇంట్లో వాదించే ఓపిక ఉండేది కాదు. "నువ్వు అంత విప్పి తిట్టక్కర్లేదే. వంటింట్లోంచి నీ పెదాలు కదలడం కనిపిస్తే చాలు, ఏం తిడుతున్నావో నాకు అర్థమైపోతుంది. నేనూ నీ దగ్గర చదువుకున్నవాణ్ణే" అనేవాడు. కూతురు కాలేజీలో చదివేది. అమ్మ నలుగురిలో మాట్లాడితే తల కొట్టేసినట్టు ఉంటుందని ఆ పిల్ల ఫిర్యాదు.

ఆవిడ చేతుల మీదుగా నలభై మందికి పైగా పిల్లలు దాటి వెళ్ళారు. వాళ్ళలో పిచ్చుక లాంటిది ఇంకొకటి లేదు.

పిచ్చుక అసలు పేరు రిజిస్టర్లోనే ఉండేది. ఐదేళ్ళప్పుడు వాళ్ళమ్మ రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. ఆమెకి మార్కెట్ వెనక వీధిలో ఇస్త్రీ కొట్టు. "మూడుసార్లు చెవులు కడిగించానండీ. లోపల ఏదో అడ్డం పడింది. అది తీయించేస్తే వినబడుతుంది కదా?" అని అడిగింది. టీచరమ్మ ఆమెను కూర్చోబెట్టి, అడ్డమేమీ లేదని, పిల్లకి ఎప్పటికీ వినబడదని, ఒక్క మాటలో చెప్పేసింది.

మొదటి ఏడు పిచ్చుక టీచరమ్మ చెయ్యి కొరికింది. రెండో ఏడు అద్దం పగలగొట్టింది. మూడో ఏడు ఒకరోజు కాగితం ముక్క ఎగిరింది, గొంతు అదిరింది, ముక్కు అదిరింది, మూడూ ఒకే పూట. ఆ రోజు నుంచి దాని నోరు మూతపడలేదు. సన్నటి, కీచుమనే గొంతు. ఎంత గట్టిగా అరుస్తోందో దానికి తెలియదు కాబట్టి మేడ మీద మాట్లాడితే కింద హెడ్మాస్టరు గదికి వినబడేది. పిచ్చుక అన్న పేరు అలా వచ్చింది. పెదాలు చదవడంలో అయితే దాన్ని మించినవాళ్ళు లేరు. రోడ్డుకి అవతలి పక్క నిలబడ్డవాళ్ళ మాటలు చదివేది. మీసాలు పెంచినవాళ్ళంటే మాత్రం దానికి చిరాకు. "గడ్డిలో మాట్లాడతాడు" అనేది.

వరండాలో లెక్కల మాస్టారు హెడ్మాస్టరుతో గుసగుసలాడిన మాటలు క్లాసుకొచ్చి పొల్లుపోకుండా చెప్పేసేది. టీచరమ్మ స్కేలు తీసేది. "అడిగిందే చెప్పు. అడగనిది చెప్పకు."

"వాళ్ళు అన్నారు" అనేది పిచ్చుక.

"అన్నా సరే."

దానికి అది అర్థమయ్యేది కాదు. చదవమని ఏళ్ళ తరబడి నేర్పి, చదివితే వద్దంటారేమిటి?

పిచ్చుకకి పన్నెండేళ్ళొచ్చిన ఏడు ఊరి చివర ఉన్న పెద్ద ఫ్యాక్టరీ మూతపడింది. దాన్నుంచి వచ్చే పన్నులు పోయాయి. పైనుంచి వచ్చే గ్రాంటూ తగ్గింది. పాఠశాలల బోర్డు కోతలు మొదలుపెట్టింది. ముందు డ్రాయింగు మాస్టర్లను తీసేశారు, ఎవరూ నోరెత్తలేదు. తర్వాత పిల్లల్ని తీసుకొచ్చే వ్యాను ఆగిపోయింది. కొందరు తల్లిదండ్రులు గొణిగి, నడిపించుకుని రావడం మొదలుపెట్టారు. తర్వాత లేబొరేటరీలకి తాళాలు పడ్డాయి. చివరికి ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రత్యేక తరగతులు నడిపే టీచర్లందరూ బోర్డు ముందు హాజరై, తమ తరగతిని ఎందుకు కొనసాగించాలో పది నిమిషాల్లో వివరించాలి.

హెడ్మాస్టరు ఆవిణ్ణి పిలిపించాడు. భయస్తుడే కానీ చెడ్డవాడు కాదు. "మీరు నిలబడి ఉపన్యాసం ఇస్తే ఎవరూ చెవిన వేసుకోరమ్మా. పిల్లల్ని తీసుకెళ్ళండి. చేసి చూపించండి. ఒక్క మెంబరుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగినా మన పని అయిపోయినట్టే."

"మా పిల్లలు ఆడించుకు తినే కోతులు కాదండీ" అంది ఆవిడ.

"కాదులెండి. అయినా తీసుకెళ్ళండి."

తీసుకెళ్ళాలని నిర్ణయించుకున్నాక ఆవిడ పిల్లల్ని మూడు వారాలు రుబ్బేసింది. పాఠాలు పక్కన పెట్టేసింది. నడిచి వచ్చి వరసగా నిలబడటం, పేరు చెప్పడం, ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం చెప్పడం. ఒకరు చెప్పగానే మిగతా అందరూ చప్పట్లు కొట్టాలి. అందరికంటే చిన్నవాడు లారీ డ్రైవరు కొడుకు, ఆరేళ్ళవాడు. "నాకు చదువు కావాలి" అన్న వాక్యం వాడి నాలుకకి ఎంతకీ తిరగలేదు. ఒక మధ్యాహ్నం ముప్ఫై సార్లు చెప్పించింది. ముప్ఫై ఒకటోసారి వాడు నిలబడ్డచోటే నిక్కరు తడుపుకున్నాడు. వాక్యం పూర్తయ్యేదాకా ఆవిడ వాణ్ణి కదలనివ్వలేదు. పూర్తయ్యాక తానే ఒళ్ళు కడిగి, నిక్కరు ఉతికి కిటికీ మీద ఆరేసింది. వాడు చొక్కాతోనే బెంచీ మీద కూర్చుని, తన నిక్కరు వైపు చూస్తూ ఉండిపోయాడు.

చివర్లో పిచ్చుక వంతు. బోర్డు మెంబర్లలో ఎవరో ఒకరు గొంతు పైకి రానివ్వకుండా, పెదాలు మాత్రం కదిపి ఏదైనా వాక్యం అంటారు. పిచ్చుక చదివి పైకి చెబుతుంది. అది చూశాక కాదనేవాళ్ళు ఎవరుంటారన్నది ఆవిడ ధీమా.

ఆ రోజు పొద్దున్నే పదకొండు మంది పిల్లలూ ఉతికిన బట్టల్లో, తడిపి దువ్విన తలలతో బోర్డు ఆఫీసు హాల్లో కూర్చున్నారు. వెనక కుర్చీల్లో తల్లిదండ్రులు, ఒక పేపరు విలేకరి. వేదిక మీద పొడుగాటి బల్ల, ఏడుగురు మెంబర్లు, ఒక్కొక్కరి ముందు ఒక మైకు. మీట నొక్కితే మైకు మీద ఎర్రదీపం వెలుగుతుంది, మళ్ళీ నొక్కితే ఆరిపోతుంది. కింద పిల్లల కోసం ఒక స్టాండు మైకు. బోర్డు గుమాస్తా వచ్చి పిల్లల ముందు వంగి, "పది నిమిషాలవగానే గంట కొడతాను. వినబడగానే ఆపేయాలి. సరేనా?" అన్నాడు. అతనేమీ వెక్కిరించలేదు. అందరికీ చెప్పే మాటే వీళ్ళకీ చెప్పాడు.

అంతా అనుకున్నట్టే జరిగింది. లారీ డ్రైవరు కొడుకు తన వాక్యాన్ని తడబడకుండా చెప్పేశాడు. వెనక ఒక తల్లి కొంగుతో ముక్కు తుడుచుకుంది. పిచ్చుక మైకు ముందుకు వచ్చింది. టీచరమ్మ బోర్డు వైపు తిరిగి, పెద్దలెవరైనా గొంతు లేకుండా ఒక వాక్యం అనండి అని అడిగింది. మెంబర్లలో బట్టల కొట్టాయన ఒకడున్నాడు, సరదా మనిషి. ముందుకు వంగి పెదాలు కదిపాడు.

"పొద్దున్నుంచీ తల పగిలిపోతోంది, టీ ఎప్పుడిస్తారు" అంది పిచ్చుక.

హాలు గొల్లుమంది. అతను కుర్చీలో వెనక్కి వాలి, నిజమే, అక్షరం తప్పు పోలేదని చేతులెత్తేశాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంకో ఆవిడ ఒక వాక్యం అంది. పిచ్చుక అదీ చెప్పేసింది. మళ్ళీ చప్పట్లు. టీచరమ్మకి గుండె తేలికపడింది. ఇదే అదునని పిల్ల వెనక నుంచే మైకు వైపు వంగి, ఈ ఒక్క పిల్ల ఇక్కడిదాకా రావడానికి ఏడేళ్ళు పట్టిందని, ఆ గది లేకపోతే ఇది జరిగేది కాదని చెప్పడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే చైర్మన్ తన మైకు ఆపేసి, పక్కనున్న లెక్కల అధికారి వైపు వంగాడు. చైర్మన్ నున్నగా గీసుకున్న ముఖం. లెక్కల అధికారికి గుబురు మీసాలు. వాళ్ళ మాట మొదటి వరసక్కూడా వినబడలేదు. కానీ పిచ్చుకకి మరో ప్రశ్న వచ్చిందనిపించింది. ఆట ఇంకా అయిపోలేదు కదా. టీచరమ్మ మాట్లాడుతోందన్న సంగతి అది చూడలేదు. తన ముందు కదులుతున్న పెదాలనే చూసింది. మైకు దగ్గరికి జరిగి, ఉన్న గొంతంతా పెట్టి చెప్పింది.

"ఆడనివ్వండి పాపం. మూసేసే తరగతుల జాబితా నిన్ననే పైకి పంపేశాం కదా."

బల్ల మీద లెక్కల అధికారి మీసాల్లోంచి ఏదో అన్నాడు. పిచ్చుక ఒక్క క్షణం ఆగింది, అది దానికి అందలేదు. చైర్మన్ దానికి నవ్వుతూ జవాబిచ్చాడు. ఆట ఇంకా సాగుతోందనుకుని, పిల్ల ఏం చెప్పిందో అతను గమనించలేదు. పిచ్చుక అందుకుంది.

"బడి లేకపోతే మాత్రం, వీళ్ళకి కొత్తగా పోయే చెవులేమున్నాయండీ."

చెప్పి, వెనక్కి తిరిగి టీచరమ్మ ముఖంలోకి చూసింది, బాగా చదివానా అన్నట్టు. హాలంతా మాటా పలుకూ లేదు. మిగతా పదిమంది పిల్లలకి ఆ నిశ్శబ్దం సంగతి ఏం తెలుసు? పిచ్చుక చెప్పడం అయిపోయింది, అంతే వాళ్ళకి కనిపించింది. నేర్పినట్టే అందరూ కలిసి చప్పట్లు కొట్టారు. అందరికంటే ఎక్కువసేపు లారీ డ్రైవరు కొడుకు కొట్టాడు.

చైర్మన్ ముఖం ఒక్కసారి ఎర్రబడింది. అంతే. పాతిక సభలు నడిపిన మనిషి. మీట నొక్కాడు, ఎర్రదీపం వెలిగింది.

"ఈ అమ్మాయికి ముందు నేను చప్పట్లు కొట్టాలి" అన్నాడు, కొట్టాడు కూడా. "నా మాటల్ని నాకే ఒప్పజెప్పింది. చిన్న హాస్యం, ఎవరూ మరోలా అనుకోవద్దు. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. మైకు లేదు, గొంతు లేదు. ఇంత దూరం నుంచి ఒక్క అక్షరం పోకుండా పట్టేసింది. చెవులున్న మన పిల్లలు పట్టగలరా? టీచరమ్మగారు అంత గొప్పగా నేర్పారు. మరి ఇంత వచ్చిన పిల్లలకి విడిగా గది ఎందుకు? నలుగురు పిల్లల మధ్య మామూలు క్లాసులో కూర్చోకుండా వీళ్ళని విడదీసి ఉంచడం అన్యాయం కాదా? ఆవిడ పని పూర్తయిందండీ. మనం అభినందించి పంపాలి."

ఒక్క పిల్లకే వచ్చింది, మిగతావాళ్ళకి ఇంకా రాలేదు, చిన్నవాడికి మూడు వాక్యాలే వచ్చు. ఇదంతా చెప్పాలి. టీచరమ్మ నోరు తెరిచింది. గుమాస్తా గంట కొట్టాడు.

గది మూసేయడానికి ఒప్పుకున్నవారిని చేతులెత్తమన్నారు. ఎత్తిన చేతులు లెక్కపెట్టడానికి చెవులక్కర్లేదు. పిల్లలు లెక్కపెట్టారు. ఆరు. "కాదన్నవారు?" అని చైర్మన్ అడిగినప్పుడు బట్టల కొట్టాయన చెయ్యి భుజందాకా లేచింది. ఎవరూ తన వైపు చూడటం లేదని గమనించి, ఆ చేత్తోనే మెడ గోక్కుని దించేశాడు. ఏకగ్రీవమని రాసుకున్నారు.

విలేకరి ఫోటో అడిగాడు. చైర్మన్ వేదిక దిగి వచ్చి పిచ్చుక తల మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. మర్నాడు పేపర్లో ఆ ఫోటో వచ్చింది, చెవిటి బాలిక ప్రతిభకు బోర్డు ప్రశంసలు అని.

బయట మెట్ల దగ్గర తల్లిదండ్రులు టీచరమ్మని చుట్టుముట్టారు. వాళ్ళకి అసలు కోపం పైనున్నవాళ్ళ మీద. కానీ పైనున్నవాళ్ళు కార్లెక్కి వెళ్ళిపోయారు. లారీ డ్రైవరు తన కొడుకుని చంకనేసుకుని, "ఆ పిల్ల కాసేపు నోరు మూసుకుని ఉంటే ఇంకో ఏడాదైనా నడిచేది. పెద్దాయన్ని పదిమందిలో అలా పట్టిస్తే ఊరుకుంటాడా?" అన్నాడు. ఇంకో ఇద్దరు తలలూపారు. పిచ్చుక రెండు మెట్ల కింద నిలబడి ఉంది. దాని ముందే అన్నారు. చెవిటి పిల్లల ముందు ఎవరూ మాటలు దాచుకోరు.

టీచరమ్మకి నిజం తెలుసు. జాబితా ముందురోజే వెళ్ళిపోయింది. పిచ్చుక నోరు తెరిచినా తెరవకపోయినా ఆ ఆరు చేతులూ లేచేవే. ఆ మాట అక్కడ అనాల్సింది ఆవిడే. కానీ మూడు వారాల శ్రమ, ఇరవై రెండేళ్ళ గది, గంట కొట్టిన గుమాస్తా, అన్నీ కలిసి గొంతుకి అడ్డం పడ్డాయి. వాటి వెనక నుంచి వచ్చింది వేరే మాట.

"నేనేం చేయనండీ. అడిగిందే చెప్పు, అడగనిది చెప్పకు అని ఏడేళ్ళుగా మొత్తుకుంటున్నాను దానికి. వింటేనా?"

వినడం గురించి తానే అంది. అదీ ఎలా అంది? ఎప్పటి అలవాటు ప్రకారం, నెమ్మదిగా, ప్రతి అక్షరాన్నీ పెదాల మీద విప్పి పరిచి. నోట్లో గొణుక్కోవడం ఆవిడకి రాదు. రెండు మెట్ల కింద నుంచి పిచ్చుక ఆ ముఖంలోకే చూస్తోంది. దానికి ఒక్క అక్షరం కూడా పోలేదు.

సాయంత్రం భర్త కంచం ముందు కూర్చుని అంతా విన్నాడు. "ఆ మాట పిల్ల చూసిందా?" అని అడిగాడు.

"చూసింది."

అతను జోకేమీ వేయలేదు. "రేపు వెళ్ళి చెప్పు" అన్నాడు.

రేపు వెళ్ళలేదు. గది ఖాళీ చేయమని నాలుగు రోజులే గడువిచ్చారు. పిచ్చుక ఆ నాలుగు రోజులూ బడికి రాలేదు. అద్దాలు ఊడదీసి బోర్డు ఆఫీసుకి పట్టుకెళ్ళారు. తర్వాత వాటిని ఉద్యోగుల బాత్రూముల్లో బిగించారు. టీచరమ్మని అదే ఆఫీసులో హాజరు విభాగంలో వేశారు. బడికి రాని పిల్లల ఇళ్ళకి ఫోన్లు చేయడం ఆ పని. పొద్దున్నుంచి సాయంత్రందాకా చెవికి ఫోను పెట్టుకుని, కనబడని మనుషులతో మాట్లాడటం. చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడల్లా ఆ అద్దాల్లో తన నోరు కనిపించేది. ఆడ గుమాస్తాలు వాటి ముందు నిలబడి జుట్టు సర్దుకునేవారు.

ఇవాళ వెళ్దాం, ఆదివారం వెళ్దాం అనుకుంటూనే ఐదు నెలలు గడిపేసింది. పని ఎక్కువని భర్తతో అనేది. నిజానికి ముఖం చెల్లక వెళ్ళలేదు.

ఆరో నెలలో వరుసగా ఇరవై రోజులు బడికి రానివాళ్ళ పట్టీలో పిచ్చుక అసలు పేరు కనిపించింది. ముందు పిచ్చుకని మామూలు క్లాసులో వేసిన బడికి ఫోన్ చేసింది. పిచ్చుక క్లాసు టీచరు కుర్రది, అలిసిపోయిన గొంతు. "నాకు యాభై ఎనిమిది మంది పిల్లలండీ. బోర్డు మీద రాస్తూనే చెబుతాను. దాని కోసం ప్రతిసారీ ఇటు తిరగాలంటే సిలబస్ ఎప్పుడవుతుంది?" అంది. తర్వాత కొంచెం తగ్గి, ఇంకో సంగతి చెప్పింది. క్లాసులో మగపిల్లలకి ఒక ఆట దొరికింది. గొంతు లేకుండా బూతులు అనడం, పిచ్చుక చేత పైకి చెప్పించడం. అది మొదట్లో తెలియక చెప్పేసింది, గట్టిగా, క్లాసు మధ్యలో. "నేనూ ఒక దెబ్బ వేశానండీ. దానికి అర్థం తెలియదని నాకెలా తెలుస్తుంది? ఆ తర్వాత అది ఇంక నోరు తెరవలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే."

ఆ మధ్యాహ్నమే టీచరమ్మ సెలవు చీటీ రాసిచ్చి ఇస్త్రీ కొట్టుకి వెళ్ళింది.

చిన్న గది. రెండు బల్లలు, గోడ పొడుగునా మడతపెట్టిన బట్టల మూటలు, ఒక్కో మూటకి గుడ్డ ముక్క మీద రాసిన నంబరు. తల్లి పెట్టె రుద్దుతోంది. పిచ్చుక చొక్కాలు మడత పెడుతోంది. కాలరు, భుజాలు, చేతులు వెనక్కి, మధ్యకి ఒక మడత. కొలిచినట్టు. పొడుగైంది. టీచరమ్మని చూసి చేతిలో చొక్కా కింద పెట్టింది, లేచి నిలబడింది కూడా. ఆ కాస్త మర్యాదకే టీచరమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఎదురుగా వెళ్ళి, రెండు చేతులూ దాని భుజాల మీద వేసి, ఐదు నెలలుగా మోస్తున్న మాటలు మొదలుపెట్టింది.

"తప్పు నీది కాదు. జాబితా ముందురోజే వెళ్ళిపోయింది. నువ్వు చెప్పకపోయినా..."

పిచ్చుక కళ్ళు మూసుకుంది.

గట్టిగా బిగించి కాదు. నిద్రపోయేవాళ్ళలా నెమ్మదిగా మూసుకుంది. టీచరమ్మ మాట మధ్యలో ఆగింది. ఇంకేం చేస్తుంది? మూసిన కళ్ళకి ఏమని చెబుతుంది? దాని చెయ్యి పట్టుకుని తన గొంతు మీద పెట్టుకుంది, చిన్నప్పుడు అక్షరాలు నేర్పినట్టు. పిచ్చుక చెయ్యి వెనక్కి తీసుకుంది. విదిలించలేదు, తీసుకుంది. కళ్ళు మాత్రం తెరవలేదు. టీచరమ్మ దాని భుజం మీది నుంచి రెండో చెయ్యి కూడా తీసి, నాలుగడుగులు వెనక్కి వేసి, పక్కకి తిరిగి నిలబడేదాకా అలాగే ఉంది. తర్వాత కళ్ళు తెరిచి, కూర్చుని, ఆపిన చొక్కా అందుకుంది.

"నాతో కూడా అంతేనండీ" అంది తల్లి, పెట్టె ఆపకుండా. ఆమె గొంతులో కోపం లేదు. అది ఉంటే టీచరమ్మకి తేలికగా ఉండేది. "తిట్టబోతే కళ్ళు మూసేస్తుంది. ముద్దు చేయబోయినా మూసేస్తుంది. ఒక రకంగా మంచిదే. కొట్టు దగ్గర ఎవరెవరో ఏదేదో వాగుతారు. దీనికేమీ పట్టదు. పని మాత్రం శుభ్రంగా చేస్తుంది."

"బడికి పంపండమ్మా. నేను ఆ టీచరుతో మాట్లాడతాను."

"ఏం మాట్లాడతారు?" అని అడిగింది తల్లి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. "బోర్డు వాళ్ళతో మాట్లాడారు కదండీ."

ఆఫీసుకి తిరిగొచ్చి టీచరమ్మ ఫారం నింపింది. గైర్హాజరుకి కారణం అన్న గడిలో జబ్బు, ఊరు మార్పు, ఇంటి పని, ఇతరం అని నాలుగు ఉంటాయి. ఇంటి పని దగ్గర టిక్కు పెట్టింది. మూడు నెలల తర్వాత ఆ పేరు పట్టీలోంచి తీసేశారు.

అప్పటి నుంచి ఆవిడ తన ఇంటి బట్టలన్నీ ఆ కొట్టుకే ఇచ్చేది. వారానికోసారి తానే మోసుకెళ్ళేది. రెండు బస్సులు మారాలి. "మన వీధిలో ఇస్త్రీవాడు చచ్చిపోయాడా?" అని భర్త ఒకసారి అడిగి ఊరుకున్నాడు. పిచ్చుక మూట తీసుకుని, బట్టలు లెక్కపెట్టి, వేళ్ళతో సంఖ్య చూపించి, నంబరు గుడ్డ చేతిలో పెట్టేది. ఆవిడ మెడకి పైన ఎప్పుడూ చూసేది కాదు. కొన్నాళ్ళకి ఆవిడా మాట్లాడే ప్రయత్నం మానేసింది. వేళ్ళు చూపించడం నేర్చుకుంది. చొక్కాలు ఐదు, చీరలు రెండు, బుధవారం.

అలా ఏడేళ్ళు. ఆవిడ రిటైరయ్యే ఏడు ఒక ఉదయం కొట్టు దగ్గర లైన్లో నిలబడి ఉంది. ముందు కొత్త మనిషి ఒకాయన, ఆ వీధికి కొత్తగా వచ్చిన బ్యాంకు ఉద్యోగి. సిల్కు చొక్కా పట్టుకుని, పెట్టె వేడి తగ్గించమని పిచ్చుకకి మూడుసార్లు చెప్పాడు. పిచ్చుక నంబరు గుడ్డ ముందుకు చాపింది. తల్లి లోపలెక్కడో ఉంది. ఆయన విసుగ్గా వెనక్కి తిరిగి, "ఏమండీ, ఈ అమ్మాయికి మాటలు రావా?" అని టీచరమ్మని అడిగాడు.

పిచ్చుక ఆ పూట ఏమనుకుందో, తలెత్తింది. ఏడేళ్ళలో మొదటిసారి టీచరమ్మ పెదాల వైపు చూసింది. పందొమ్మిదేళ్ళ అమ్మాయి, అవే కళ్ళు. రెప్ప వేయకుండా చూస్తోంది.

వచ్చు అని చెప్పాలి. నేనే నేర్పాను అని చెప్పాలి. అలా చెబితే ఆయన ఊరుకోడు, మరి ఎందుకు మాట్లాడదు అంటాడు. దానికి జవాబు కూడా పిచ్చుక చూస్తుండగా, విప్పి చెప్పాలి.

"నాకు తెలియదండీ. నేనూ బట్టలివ్వడానికే వచ్చాను" అంది టీచరమ్మ.

పిచ్చుక చూపు దించుకుంది. ఆయన చొక్కా మూటలో వేసి, టీచరమ్మ సంచీ అందుకుని, ఒక్కొక్కటే తీసి లెక్కపెట్టి, నాలుగు వేళ్ళు చూపించింది. టీచరమ్మ నాలుగు వేళ్ళు చూపించి, నంబరు గుడ్డ తీసుకుని, బస్సు వేళవుతోందని గబగబా నడిచి వెళ్ళిపోయింది. పై వారం నుంచి బట్టలు తన వీధిలోనే ఇచ్చింది.